అరువు తెమడ

ఊరు చిన్నదే గాని దగ్గులో పెద్దది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికంటే ఇక్కడ క్షయ బారిన పడేవాళ్ళు ఎక్కువని పై ఆఫీసువాళ్ళు లెక్కలు కట్టి తేల్చారు. జనాభాతో పోల్చి చూస్తే మిగతా ఊళ్ళకు మూడింతలట. ఆ సంగతి మరమగ్గాల షెడ్డుకు చేరిన రోజు మేస్త్రీ చేతులు దులుపుకుని, "పోనీలే, దేంట్లోనో ఒకదాంట్లో మన ఊరు ఫస్టొచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మంది నవ్వు మధ్యలో ఆపి దగ్గారు.

షెడ్డులో దగ్గును ఎవరూ పట్టించుకోరు. దూది నుసి జల్లెడ పట్టినట్టు రాలుతూనే ఉంటుంది. కనురెప్పల మీద, మెడ మడతల్లో, తాగే నీళ్ళ డ్రమ్ము మూత మీద. అది లోపలికి పోతే దగ్గొస్తుంది, దగ్గితే పోతుంది. దాన్ని జబ్బని ఎవరైనా అంటే వాడు పనికి కొత్త అని అర్థం.

నేతగాడు పనికి కొత్తవాడు కాదు. మీసం రాకముందు వచ్చినవాడు. నాలుగు మగ్గాలు అతనివి. అతనివంటే ఓనరువే, కాని ఏ మగ్గం ఎప్పుడు మొరాయిస్తుందో దాని చప్పుడుబట్టి అతనికి తెలిసిపోయేది. ఆ మగ్గాల మీద రెండో మనిషి అతని బావ, అంటే భార్యకు తోడబుట్టిన అన్న. షెడ్డు భాషలో ఇద్దరూ జోడీ. ఒక వారం ఒకడు పగలు, ఇంకొకడు రాత్రి. మరుసటి వారం తారుమారు. మగ్గం ఆగదు, మనిషి మారతాడు.

మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తి దారం మోసే నాడె మాత్రం మారదు. కండెలో నూలు అయిపోగానే కొత్త కండె నాడెలో పెట్టి, పక్కనున్న చిన్న కన్నానికి పెదాలు ఆనించి ఒక్క పీల్పు పీలిస్తే దారం కొస అవతలికి వచ్చేస్తుంది. ఆ పనికి ఇనప కొక్కెం ఒకటి ఉంది. దాన్ని వాడేవాణ్ణి "దొరగారొచ్చారు, కుర్చీ వెయ్యండ్రా" అని ఏడిపించేవాళ్ళు. అందుకని ఎవరూ వాడరు. తెల్లవారుజామున బావ పీల్చిన నాడెనే పొద్దున్న నేతగాడు నోట పెట్టుకునేవాడు. అందులో అసహ్యపడడానికి ఏముంది? తినే కంచాలు తోమేది ఒకే చెయ్యి, ఉండేది ఒకే ఇల్లు.

బావ పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నా పోయేనాటికి చెల్లెలికి మాటలు కూడా సరిగ్గా రావు. కండెలు మోసి, మగ్గాల కింద పాకుతూ నుసి ఊడ్చి, ఆ పిల్లను పెంచాడు. ఆమెకు అతను అన్న మాత్రమే కాదు. "అన్నయ్య మనతోనే ఉంటాడు" అని పెళ్ళికి ముందే చెప్పింది. నేతగాడు సరేనన్నాడు. అతనికి మాత్రం వెనకా ముందూ ఎవరున్నారని.

ఇంట్లో ఇద్దరు మగవాళ్ళన్న మాటేగాని, ఒకడు పడుకునే వేళకు రెండోవాడు మగ్గం దగ్గర ఉండేవాడు. ఒకరి మొహం ఒకరికి కనిపించేది షిఫ్టు మారే ఆ కాసేపు. అదీ పక్కవాడి మాట కూడా వినపడని మోతలో. ఒకే కప్పు కింద అన్నేళ్ళు బతికినా, బావ నిద్రలో ఎలా దగ్గుతాడో నేతగాడికి తెలియదు. తెలిసింది ఆమెకే.

ఊరి లెక్క బయటపడ్డాక క్షయ ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఒకావిడ షెడ్డుకొచ్చింది. రెండు షిఫ్టులవాళ్ళూ ఉంటారని పొద్దున్నే వచ్చింది. మగ్గాలు ఆపించి, "దగ్గున్నవాళ్ళు చేతులెత్తండి" అంది. అందరి చేతులూ లేచాయి. పక్కన నిలబడ్డ ఓనరు మొహం ముడుచుకున్నాడు.

"ఉందని తేలినవాళ్ళు ఇంటికే. పూర్తిగా నయమయ్యాకే ఈ గడప తొక్కండి" అన్నాడు.

నర్సమ్మ మూత ఉన్న చిన్న డబ్బాలు పంచింది. "నాకు కావలసింది ఉమ్ము కాదు. రేపు నిద్ర లేవగానే గట్టిగా, లోపలినుంచి దగ్గి తెమడ తీసి ఇందులో వెయ్యండి."

"లోపల నూలు తప్ప ఏముందమ్మా. ఓ చీరకు సరిపడా వస్తుంది, తీసుకుపో" అన్నాడు మగ్గాలకు నూనె పోసే ముసలాయన. అతన్ని అందరూ నూనె తాత అంటారు. షెడ్డంతా గొల్లుమంది. నర్సమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ వారం బావది రాత్రి షిఫ్టు. మర్నాడు పొద్దున నేతగాడు కళ్ళు నులుముకుంటుంటే భార్య రెండు డబ్బాలు తెచ్చి ముందు పెట్టింది.

"రెండెందుకు? నాకున్నది ఒక నోరేగా."

"ఒకటి అన్నయ్యది. రాత్రంతా నిలబడినవాడికి నిద్ర లేవడం ఎక్కడిది? గొంతు పిడచగట్టుకుపోతుందట, ఏమీ రాదని నిన్న వెళ్తూ చెప్పాడు. రెండూ నువ్వే నింపేయ్."

"తప్పు కదే. ఎవరిది వాళ్ళే ఇమ్మందిగా ఆవిడ."

"ఎవరిది వాళ్ళదేంటయ్యా? నోట పెట్టుకునే నాడె ఒకటి, మింగే నుసి ఒకటి. మీ ఇద్దరిదీ ఒక్కటే దగ్గు. కానివ్వు, ఆవిడ వెళ్ళిపోతుంది."

ఆమె చెప్పింది అతనికి సబబుగానే తోచింది. అన్నేళ్ళు ఒకే నాడె పీల్చినవాడికి అలాగే తోస్తుంది. దగ్గి రెండు డబ్బాలూ నింపాడు. ఆమె మూతలు బిగించి, పనికి వెళ్తూ తీసుకుపోయింది. ఆమె పని కూడా ఆ షెడ్డులోనే. మగ్గాల పక్కన కూచుని కండెలు చుట్టేది.

వారం తిరిగాక నర్సమ్మ మళ్ళీ వచ్చింది. షెడ్డు మొత్తంలో జబ్బున్నది నూనె తాతకొక్కడికే అంది. ముసలాయన నూనె డబ్బా కింద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. బావ నేతగాడి భుజం నొక్కి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"నీ మేలు మరిచిపోను బావా!"

"దేనికి? ఉమ్మినందుకా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేతగాడు ఊరికే నవ్వాడు. బావ ఎందుకు నవ్వాడో తర్వాతగాని తెలియలేదు.

ఎండలు ముదిరేసరికి ఆమె చిక్కిపోవడం మొదలుపెట్టింది. ముందు జాకెట్టు భుజాల దగ్గర వదులైంది. తర్వాత కండెలు చుట్టే రాట్నం మీదే తల వాల్చేసేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోయేది. నేతగాడు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ ఛాతీ ఫొటో తీయించి, తెమడ చూపించి, క్షయ అని చెప్పింది. మాత్రలిచ్చి, "భయపడకండి, ఆరు నెలలు మానకుండా వాడితే లేచి తిరుగుతుంది" అంది. ఆమె ఒక్క పూట కూడా మానకుండా మింగింది. నేతగాడు దగ్గర కూచుని మింగించేవాడు. బావ షెడ్డు నుంచి వస్తూ పళ్ళు తెచ్చి ఆమె మంచం మీద పెట్టేవాడు.

ఆ రోజుల్లోనే నూనె తాత తిరిగొచ్చాడు. బుగ్గలు వచ్చాయి, నడుం నిలబడింది. "ఏం తాతా, ఆసుపత్రిలో నూనె నీకు పోశారా ఏంటి?" అని మేస్త్రీ వేళాకోళమాడాడు. ఓనరు మారుమాట్లాడకుండా పని ఇచ్చాడు. ముసలాయన మగ్గం కింద దూరి నూనె పోస్తుంటే బావ పని మానేసి అతన్నే చూస్తూ నిలబడ్డాడని తర్వాత ఎవరో చెప్పారు. చూడడా మరి. దేనికి భయపడి దాచుకున్నాడో ఆ భయంలో పస లేదని ఆ ముసలాయన ఒళ్ళు చూస్తే తెలుస్తోంది.

రెండు నెలలైనా ఆమెలో మార్పు లేదు. ఇంకా దిగజారింది. మళ్ళీ తీసుకెళ్తే డాక్టరమ్మ ఇద్దరినీ కూచోబెట్టింది.

"ఈపాటికి తేరుకోవాలి. ఈ మందుకు మీ జబ్బు లొంగడం లేదని నా అనుమానం. ఎవరో ఇవే మాత్రలు కొన్నాళ్ళు వాడి మధ్యలో మానేసి ఉంటారు. అలాంటి మనిషి దగ్గర్నుంచి వస్తే ఇలాగే మొండికేస్తుంది. తెమడ పెద్ద పరీక్షకు పంపించాను. అది తేలేదాకా కూచుంటే ఆలస్యమైపోతుంది. ఆ మనిషెవరో, ఏ మందులు వాడాడో తెలిస్తే ఇవాళే మందు మార్చేస్తాను. మీ ఇంట్లోగాని, పనిచేసే చోటగాని ఎవరైనా ఉన్నారా?"

ఆమె గోడకేసి చూసింది. "ఎవరూ లేరమ్మా."

"షెడ్డులో నూనె తాతకొక్కడికే అన్నారండి. ఆయన మధ్యలో మానలేదు" అన్నాడు నేతగాడు.

"మరి ఇంట్లో?"

"ఇంట్లో మా బావ ఉన్నాడు. ఆయనకు పరీక్షలో ఏమీ లేదని..."

 పరీక్షలో ఏమీ లేదని తేలింది బావకు కాదు, తనకు. ఆ డబ్బాలో ఉన్నది తన తెమడ. డాక్టరమ్మ ఏమిటన్నట్టు చూసింది. అతను మర్నాడొస్తానని చెప్పి, భార్యను ఇంటికి చేర్చాడు. దారి పొడుగునా ఆమె నోరు విప్పలేదు. నీరసమనుకున్నాడు.

ఆ వారం అతనిది రాత్రి షిఫ్టు. సాయంత్రం షెడ్డుకెళ్ళేసరికి బావ వెనక కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు.

"బావా, నీకుందా?"

"ఏముందా?"

"తెలియనట్టు అడక్కు. నీకు ముందు నుంచీ ఉందా?"

"లేదని నర్సమ్మే చెప్పిందిగా. నువ్వూ విన్నావుగా."

"అది నా తెమడ."

బావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నంతసేపూ మొహం బయటపెట్టలేదు.

"అయితే ఏంటంటావు?"

"ఏ మందు వాడావో అది చెప్పు చాలు. షెడ్డులో ఈగకు కూడా తెలియనివ్వను. దాని ప్రాణం మీదకొచ్చింది బావా. మందు మార్చాలట."

"నేనే మందూ వాడలేదు."

"బావా..."

"చెల్లి మీద ఒట్టు. నేనే మందూ వాడలేదు, నాకే జబ్బూ లేదు."

ఆ ఒట్టు వినగానే నేతగాడు, బావ నిజం చెబుతున్నాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు కూడా. చెల్లెలి మీద ఆ మనిషి దొంగ ఒట్టు వేస్తాడని ఎవరనుకుంటారు?

"సరే. పొద్దున్నే వెళ్ళి డాక్టరమ్మకు చెప్పేస్తాను. నిన్ను మళ్ళీ పరీక్ష చేయమంటాను."

"చెప్పు. రెండు డబ్బాల్లోనూ ఉమ్మింది నువ్వేనని కూడా చెప్పు. నన్నొక్కణ్ణే పంపుతాడా ఓనరు? నిన్ను ఉంచుకుని పూజ చేస్తాడా?"

బావ తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. నేతగాడు మగ్గాల దగ్గరికి వెళ్ళాడు. మామూలే. ఒకడు ఇంటికి, ఒకడు షెడ్డుకి.

పొద్దున షిఫ్టు దిగేవేళకు బావ రాలేదు. మేస్త్రీ తిట్టుకుంటూ వేరేవాణ్ణి నిలబెట్టాడు. నేతగాడు ఒంటి మీద నుసితోనే ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. 

"మీ షెడ్డులో ఒక్కరికే ఉందని పైకి రాసి పంపాను. ఊరి లెక్క తగ్గుతోందని వాళ్ళు సంతోషించారు కూడా" అంది ఆవిడ. "ఇంకెన్ని డబ్బాల్లో ఎవరి తెమడ ఉందో."

నర్సమ్మను వెంటబెట్టి పంపింది. ఇంటికొచ్చేసరికి ముందుగదిలో బావ బట్టలు లేవు. గోడకు కొట్టిన మేకులు మాత్రం మిగిలాయి. ఆమె వెనకగదిలో గోడకు ఆనుకుని కూచుని ఉంది. మొహంలో భయం లేదు. పని ముగించుకున్న మనిషిలా ఉంది.

"ఏడీ?"

"వెళ్ళిపోయాడు."

"ఎక్కడికి?"

"నాకూ తెలియదు. చెప్పొద్దన్నాను. తెలిస్తే నువ్వు నా నోటినుంచి రాబడతావు."

"నువ్వు పంపించావా?"

"నువ్వు చెప్పేస్తానన్నావటగా."

నర్సమ్మ ఆమె పక్కన కూచుంది. "అమ్మా, ఆయన వెళ్ళిపోతే పోయాడు. ఆయన ఏం మాత్రలు వాడాడో నీకేమైనా తెలుసా? నీ కోసమే అడుగుతున్నాను."

ఇక దాచవలసిన అవసరం ఆమెకు లేదు. అన్న క్షేమంగా ఊరు దాటాడు. తడుముకోకుండా చెప్పింది. అంతకుముందు ఏడాది వేరే ఊళ్ళో చూపించుకున్నాడు. ఎర్ర బిళ్ళలు, తెల్ల బిళ్ళలు, కొన్నాళ్ళు సూదులు. బిళ్ళలు ఆమె వంటగదిలోనే దాచింది. మింగితే వాంతులయ్యేవి, మగ్గం దగ్గర నిలబడలేకపోయేవాడు. దగ్గు కాస్త తగ్గగానే మానేశాడు. మళ్ళీ మొదలయ్యేసరికి నర్సమ్మ డబ్బాలు పట్టుకుని వచ్చింది. బిళ్ళల అట్టలు ఇంకా ఉన్నాయంటూ బియ్యం డబ్బా వెనక చెయ్యి చూపించింది. నర్సమ్మ అవి తీసుకుని, వస్తున్న కోపాన్ని దిగమింగుకుని, గబగబా ఆసుపత్రికి వెళ్ళింది.

నేతగాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"డబ్బాలు నా చేతికిచ్చినప్పుడే నీకు తెలుసు."

"తెలుసు."

"నిన్న డాక్టరమ్మ అడిగినప్పుడు కూడా."

"ఆ."

"రెండు నెలల నుంచి పనికిరాని మందు మింగుతున్నావని నీకు తెలియదు. పోనీ. నిన్న తెలిసిందిగా. అప్పుడైనా చెప్పొచ్చుగా. నీ మీద ఒట్టు వేశాడు వాడు, తెలుసా?"

ఆమె కళ్ళు మూసుకుంది. "తెలుసు. వచ్చి చెప్పి ఏడ్చాడు."

"వాడు ఏడ్చాడని వాణ్ణి దాటించావు. మరి నేను? ఇన్నేళ్ళు వాడి నాడె నోట పెట్టుకున్నాను. నాకొస్తే?"

"నీకు రాలేదుగా."

"వచ్చుంటే?"

ఆమె కాసేపు ఆలోచించింది. అబద్ధం చెబుతుందేమోనని అతను ఎదురుచూశాడు. ఆ ఒక్క అబద్ధం చెప్పినా సర్దుకునేవాడే. ఆమె చెప్పలేదు.

"నా బతుకులోకి అన్నయ్య ముందొచ్చాడు. నువ్వు తర్వాతొచ్చావు" అంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య మందు వేళల మాటలే తప్ప వేరే మాట లేదు. డాక్టరమ్మ మందు మార్చింది. కొత్త మందు పనిచేయడానికి ఒంట్లో కాస్తయినా సత్తువ ఉండాలి. అది అప్పటికే అయిపోయింది. నేతగాడు చెయ్యవలసినవన్నీ చేశాడు. పళ్ళెం పట్టాడు, దుప్పటి మార్చాడు, నోట్లో నీళ్ళు పోశాడు. తల మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు. వానాకాలం అయిపోకముందే ఆమె పోయింది.

షెడ్డు మొత్తం వచ్చింది. "బంగారంలాంటి మనిషి. మనసులో ఒకటి, బయట ఒకటి ఎరగదు" అంది కండెలు చుట్టే ఆవిడొకతె ముక్కు చీదుకుంటూ. నేతగాడు ఆవిడ మొహంలోకి చూశాడుగాని ఔననలేదు, కాదనలేదు. ఓనరు అతన్ని పనిలోంచి తీసెయ్యలేదు. ఆ మాటే ఎత్తలేదు. బావ బెదిరించింది కూడా ఉత్తిదే.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం ఆమె ఫోను మోగింది. నేతగాడు తీశాడు.

"చెల్లీ?"

"నేను."

 "బావా, తిట్టాలనుంటే తిట్టు. ముందు చెల్లి ఎలా ఉందో చెప్పు."

"తేరుకుంది" అన్నాడు నేతగాడు. అంత తేలిగ్గా ఆ మాట నోట వస్తుందని అతనూ అనుకోలేదు.

"నిజంగా?"

"మందు మార్చారు. పట్టింది."

అవతల మనిషి ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, దగ్గుతున్నాడు. "ఒక్కసారి ఇవ్వు బావా, మాట వింటాను."

"నిద్రపోతోంది. లేపొద్దన్నారు. నీ గురించే బెంగపెట్టుకుంది. ఎక్కడున్నావో, తిన్నావో లేదో కనుక్కోమంది."

చెల్లెలు అడిగిందంటే ఆ మనిషి ఏదీ దాచడు. ఊరి పేరు చెప్పాడు. షెడ్డు ఎక్కడో చెప్పాడు. "బెంగ పెట్టుకోవద్దని చెప్పు. పని దొరికింది. జోడీ కూడా మంచివాడు, కుర్రాడు, కొత్తగా పెళ్ళయింది. వాడి పెళ్ళామే మాకు కండెలు చుడుతుంది. ఇద్దరూ నన్ను అన్నా అన్నా అంటారు."

నేతగాడు ఫోను పెట్టేసి, చొక్కా తగిలించుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. నర్సమ్మ వరండాలో ఎవరికో మాత్రలు మింగిస్తోంది.

"మా బావ ఎక్కడున్నాడో తెలిసింది" అన్నాడు.

"హమ్మయ్య. ఆ ఊళ్ళోనూ మావాళ్ళుంటారు. కొత్త మందులు ఉచితంగానే ఇస్తారు. చాలాకాలం వాడాలి గాని, నడిచి తిరుగుతున్నవాడేగా, బాగవుతాడు."

"బాగవుతాడా?"

"ఎందుకు కాడు?"

దారిపొడుగునా అతను వేరే ఊహించుకుంటూ వచ్చాడు. బావను నలుగురిలో నిలబెట్టడం, మెడపట్టి బయటికి గెంటడం, వాడు అవమానంతో తల ఎత్తుకోలేకపోవడం. బాగవడం అందులో లేదు.

"శిక్షేమీ ఉండదా?"

"జబ్బుకు శిక్షేంటయ్యా?"

"అబద్ధానికి?"

నర్సమ్మ, మాత్రలు మింగిన మనిషిని పంపేసి, "ఊరి పేరు చెప్పు" అంది.

అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు. చెప్పకపోతే బావ తనంతట తానే కుళ్ళి పోతాడు. నెలలు పడుతుంది, అంతే. కాని అన్నా అన్నా అంటూ పక్కన కూచున్న ఆ కొత్త పెళ్ళికూతురు కూడా పోతుంది. ఆ పిల్ల ఎవరో అతనికి తెలియదు. ఆ పిల్ల మొగుడు మాత్రం బాగా తెలిసినవాడిలా కళ్ళ ముందు నిలిచాడు.

ఊరి పేరు చెప్పాడు. షెడ్డు గుర్తులు చెప్పాడు.

"ఆ కుర్రాణ్ణీ వాడి పెళ్ళాన్నీ కూడా పరీక్ష చెయ్యండి. మీ ఎదురుగా దగ్గించి తీసుకోండి" అన్నాడు.

"సరే. నువ్వు చెప్పావని అనంలే."

"అనండి. నేనే చెప్పానని చెప్పండి. చెల్లెలు పోయిందని కూడా చెప్పండి." అతను మెట్లు దిగబోయి ఆగాడు. "ఇప్పుడే కాదు. మందంతా వాడి, పూర్తిగా బాగయ్యాక చెప్పండి. ఇప్పుడే తెలిస్తే వాడు మందు ముట్టడు."